ప్యోంగ్‌చాంగ్ పతకాల పద్దు

మార్చి 9, 2018

ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని ప్యోంగ్‌చాంగ్‌లో శీతాకాలపు ఒలింపిక్స్ చూడాలని మొదట అనుకున్నాను. టికెట్ల ధరలు, గదుల అద్దెలు చూశాక ఆ ఊసు మానేశాను. సియోల్‌లో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, మార్చిలో అవే కొండల మీద పారాలింపిక్స్, అంటే వైకల్యం ఉన్నవాళ్ల ఒలింపిక్స్ ఉన్నాయి. టికెట్ చవక, తోపులాట ఉండదు, మంచు మాత్రం అదే" అన్నాడు. వాడి లెక్క నాకు నచ్చింది.

సియోల్ నుంచి గాంగ్నుంగ్ వెళ్లే కేటీఎక్స్ రైలు మార్గం ఈ ఆటల కోసమే కిందటి డిసెంబరులో తెరిచారు. ప్యోంగ్‌చాంగ్ వెళ్లేవాళ్లు దారిలో జిన్‌బు స్టేషన్‌లో దిగాలి. అక్కడ బయటికి రాగానే చలిగాలి చెంప మీద కొట్టింది. మాది హ్వెంగ్యే అనే చిన్న ఊళ్లో గది. మంచం లేదు, నేల మీదే పరుపు. నేల కింద వేడి పారుతుంటుంది. ఈ ఓండోల్ పద్ధతి నాకు మొదటి రాత్రే నచ్చేసింది. ఊరి చుట్టూ పొలాల్లో కర్రల మీద చేపలు బారులు తీరి ఎండుతున్నాయి. మంచులో గడ్డకట్టి, ఎండకి కరిగి, మళ్లీ గడ్డకట్టి అవి హ్వాంగ్తే అవుతాయట. వాటితో చేసే చారు వేడివేడిగా తాగి స్టేడియానికి నడిచాం.

49 జట్లు వచ్చాయి. వాటిలో మన దేశం లేదు. శీతాకాలపు ఆటలు 1976లో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్‌లో మొదలయ్యాయి. మన జెండా వాటిలో ఇంకా కనపడలేదు. రష్యా పేరు కూడా లేదు. డోపింగ్ గొడవలో ఆ దేశపు కమిటీ మీద నిషేధం ఉంది కాబట్టి అక్కడి ఆటగాళ్లు 'తటస్థ' క్రీడాకారులుగా, ఎన్‌పీఏ అన్న మూడక్షరాల కింద నడిచారు. గెలిస్తే వాళ్లకి పారాలింపిక్ జెండా, పారాలింపిక్ గీతం.

ఒలింపిక్స్‌లో కలిసి నడిచిన రెండు కొరియాలు ఈసారి విడివిడిగా నడిచాయి. జెండా మీది పటం దగ్గర మాట కుదరలేదు. కానీ జ్యోతిని మాత్రం రెండు వైపుల ఆటగాళ్లూ కలిసి పట్టుకొచ్చారు. తర్వాత కొరియా ఐస్ హాకీ కెప్టెన్ హాన్ మిన్‌సు ఆ జ్యోతిని వీపున కట్టుకుని, కృత్రిమ కాలితో, తాడు పట్టుకుని ఏటవాలు గోడ ఎక్కాడు. ఆ కాసేపూ స్టేడియంలో ఒక్కరూ కూర్చోలేదు. చివర్లో వీల్‌చైర్ కర్లింగ్ కెప్టెన్ సో సున్‌సోక్, కిందటి నెల కళ్లజోడుతో దేశమంతా పేరు తెచ్చుకున్న ఒలింపిక్ కర్లింగ్ కెప్టెన్ కిమ్ ఉన్‌జంగ్ కలిసి జ్యోతి వెలిగించారు.

నేనొక నోట్‌బుక్ తెచ్చుకున్నాను. పోటీ, పేరు, దేశం, సమయం అని నాలుగు గడులు గీశాను. పతకాల పద్దు రాద్దామని.

మార్చి 10

అల్పెన్సియా. స్కీ మీద పరిగెత్తి, ఆగి తుపాకి పేల్చి, మళ్లీ పరిగెత్తే బయథ్లాన్ ఇక్కడే. మామూలు బయథ్లాన్‌లో లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంటుంది. ఇక్కడ గాలి తుపాకి, 10 మీటర్లు. వినడానికి సులువే. కానీ ఆ లక్ష్యం 13 మిల్లీమీటర్లే. చొక్కా గుండీ అంత. గుండె దడదడలాడుతుండగా, చేతులు రెండూ అలిసిపోయి ఉండగా ఐదు గుండ్లూ దాంట్లోకే వెళ్లాలి.

కూర్చుని చేసే మహిళల 6 కిలోమీటర్ల పోటీలో అమెరికా అమ్మాయి కెండల్ గ్రెచ్ గెలిచింది. శీతాకాలపు పారాలింపిక్స్‌లో ఆమెకిదే మొదటి పోటీ. రెండో స్థానం ఆమె జట్టులోని ఒక్సానా మాస్టర్స్‌ది. మగవాళ్ల 7.5 కిలోమీటర్లలో డాన్ క్నాసెన్. అమెరికా నౌకాదళంలో సీల్స్ అనే కమాండో దళంలో ఉండగా 2009లో అఫ్గానిస్తాన్‌లో మందుపాతర పేలి రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా పోయినవాడు. ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండూ కలిపి చూసినా బయథ్లాన్‌లో అమెరికాకి అంతకుముందు స్వర్ణమే లేదు. ఒక్క పూటలో రెండొచ్చాయి.

నా చుట్టూ ఉన్నవాళ్లంతా వచ్చింది మాత్రం సిన్ ఉయ్‌హ్యోన్ కోసం. కొరియా పెట్టుకున్న ఆశంతా ఆయన మీదే. ఐదోవాడిగా వచ్చాడు. అరుపులు కాసేపు ఆగాయి. మా వెనక వరసలో ఒక పెద్దాయన మాత్రం ఆగకుండా "హిమ్నే!" (బలం తెచ్చుకో) అని అరుస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం అసలు వింత చూశాను. చూపు లేనివాళ్ల పోటీ. షూటింగ్ దగ్గరికి రాగానే ప్రేక్షకుల్ని నిశ్శబ్దంగా ఉండమన్నారు. ఆటగాడు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు. తుపాకి గొట్టం లక్ష్యం మధ్యకి జరిగేకొద్దీ చెవిలో శబ్దపు శ్రుతి పెరుగుతుంది. శబ్దం తారస్థాయికి చేరినప్పుడు మీట నొక్కాలి. వీళ్లకి లక్ష్యం కొంచెం పెద్దది, 21 మిల్లీమీటర్లు. యుక్రెయిన్‌కి చెందిన విటాలీ లుక్యానెంకో గెలిచాడు. అతని ముందు స్కీ మీద వెళ్లిన గైడ్ కూడా అదే వేగంతో, అదే దూరం, అదే మంచులో వెళ్లాడు. నా నాలుగు గడుల్లో గైడ్‌కి చోటు లేదు. పేజీ పక్కన ఖాళీలో ఇంకో గీత గీసి 'తోడు' అని రాశాను.

మార్చి 11

మళ్లీ అల్పెన్సియా. కూర్చుని చేసే క్రాస్‌కంట్రీ, మగవాళ్లకి 15 కిలోమీటర్లు. కుర్చీలాంటి తొట్టిని రెండు స్కీలకి బిగిస్తారు. కాళ్ల సాయం లేదు, రెండు కర్రలతో తోసుకుంటూ పోవడమే. ఎక్కుడు వస్తే శరీరమంతా భుజాల మీదే. ఒకచోట వాలు దగ్గర కంచె పక్కన నిలబడ్డాం. దగ్గర్నుంచి చూస్తే టీవీలో తెలియనిది ఒకటి తెలుస్తుంది. ఊపిరి శబ్దం. కొండెక్కే రైలింజన్‌లాగా వినపడుతుంది.

ఇక్కడే మా తమ్ముడికీ నాకూ మొదటి వాదన వచ్చింది. గీత ముందు దాటినవాడు బోర్డు మీద కింద ఉన్నాడు, వెనక వచ్చినవాడు పైకి పోయాడు. ఆటగాళ్లు అర నిమిషానికి ఒకరు చొప్పున బయల్దేరతారు, అది ఒక కారణం. రెండోది శాతాల లెక్క. వైకల్యం అందరికీ ఒకే తీరుగా ఉండదు కదా. నడుము కండరాలు కూడా పనిచెయ్యనివాళ్లూ, నడుము గట్టిగా ఉండి కాళ్లు మాత్రం లేనివాళ్లూ ఒకే పోటీలో ఉంటారు. అందుకే ఒక్కో తరగతికి ఒక్కో శాతం. గట్టి నడుము ఉన్నవాళ్లకి గడియారం నూటికి నూరు పాళ్లూ తిరుగుతుంది. అందరికన్నా కష్టమున్న తరగతికి 86 శాతమే. అంటే ఆ తరగతివాడు 10 నిమిషాల్లో వస్తే బోర్డు మీద 8 నిమిషాల 36 సెకన్లు పడుతుంది.

"మరి ఎవరు గెలిచారో కళ్లతో చూసి ఎలా తెలుస్తుందిరా?" అన్నాను.

"తెలీదక్కా. బోర్డు చూడాలంతే."

"కళ్ల ముందు జరిగేదాన్ని బోర్డు చూసి తెలుసుకోవడమేంటి?"

"లేకపోతే నడుము పనిచెయ్యనివాడు ఇంట్లో కూర్చోవాలి. అది బాగుంటుందా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ నాకు ఆ పద్ధతి న్యాయమైనదనే అనిపిస్తుంది, చూసేవాడికి మాత్రం కొంచెం అన్యాయం చేస్తుంది.

స్వర్ణం యుక్రెయిన్ ఆటగాడు మక్సిమ్ యారోవీది, రజతం క్నాసెన్‌ది. కాంస్యం సిన్ ఉయ్‌హ్యోన్‌ది! ఈ ఆటల్లో కొరియాకి మొదటి పతకం. సిన్ గురించి మా పక్కన కూర్చున్న విద్యార్థులు తమ్ముడికి చెబుతుంటే వాడు నాకు తెలుగులో చెప్పాడు. 2006లో, కాలేజీ పట్టా తీసుకోవడానికి ముందు రోజు కారు ప్రమాదంలో రెండు కాళ్లూ పోయాయి. మూడేళ్లు ఇల్లు కదల్లేదు. గోంజులో తోటలు పెంచుకునే కుటుంబం. తర్వాత వీల్‌చైర్ బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ, చివరికి స్కీయింగ్.

ఇదే పోటీలో ఉత్తర కొరియావాళ్లు ఇద్దరూ ఉన్నారు, మా యుచోల్ ('మా' అన్నది ఇంటిపేరు), కిమ్ జోంగ్‌హ్యోన్. శీతాకాలపు పారాలింపిక్స్‌కి ఆ దేశం రావడం ఇదే మొదటిసారి. స్కీ నేర్చుకుని కొన్ని నెలలే అయిందట. మా యుచోల్ అంతకుముందు టేబుల్ టెన్నిస్ ఆడేవాడు. చివరివాళ్లలో వచ్చారు. వాళ్లు గీత దాటేదాకా జనం కదల్లేదు. సిన్ పేరు అరిచినంత గట్టిగా వాళ్ల పేర్లూ అరిచారు.

మార్చి 12

జోంగ్‌సన్ కొండలకి బస్సులో చాలాసేపు. దారి పొడుగునా మెలికలు. తమ్ముడు నిద్రపోయాడు, నాకు కడుపులో తిప్పింది.

స్నోబోర్డ్ క్రాస్. ఇద్దరిద్దరు పోటీపడి దిగుతారు, ముందు దాటినవాడు గెలిచినట్టు. శాతాలు లేవు, బోర్డు చూసే పని లేదు. నిన్నటి విసుగంతా పోయింది.

మోకాలి పైన కాలు పోయిన మగవాళ్ల విభాగంలో అమెరికా ఆటగాడు మైక్ షుల్ట్స్ గెలిచాడు. ప్రారంభోత్సవంలో జెండా మోసింది కూడా ఆయనే. ఇతను ముందు స్నోమొబైల్ రేసుల వీరుడు. 2008లో ఒక రేసులో పడి కాలు పోయింది. మామూలు కృత్రిమ కాలు నడవడానికే పనికొస్తుంది, గంతులకి తట్టుకోదు. దాంతో తనే ఒక మోకాలు తయారుచేసుకున్నాడు. గాలి ఒత్తిడితో పనిచేసే షాక్ అబ్జార్బర్ ఉన్న మోకాలు. తర్వాత దాన్ని అమ్మే చిన్న కంపెనీ పెట్టాడు. ఇప్పుడు అతని ప్రత్యర్థుల్లో చాలామంది కాళ్లకి ఆ మోకాలే ఉంది. ఇవాళ కాంస్యం గెలిచిన నోవా ఇలియట్ కాలికి కూడా! పోటీకి ముందు ఎవరి మోకాలైనా మొరాయిస్తే బాగుచేసేది షుల్ట్సే. తనని ఓడించడానికి వచ్చినవాడి కాలికి మరలు తనే బిగించడం... 'తోడు' గడిలో ఏం రాయాలో తెలియక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. చివరికి 'మోకాలు: షుల్ట్స్' అని రాశాను. స్వర్ణం వరసలోనూ అదే, కాంస్యం వరసలోనూ అదే.

ఆడవాళ్లలో నెదర్లాండ్స్‌కి చెందిన బిబియన్ మెంటెల్ స్వర్ణం గెలిచింది. ఈవిడ లేకపోతే ఈ ఆటే ఇక్కడ ఉండేది కాదు. స్నోబోర్డింగ్‌ని పారాలింపిక్స్‌లో చేర్చాలని ఏళ్ల తరబడి తిరిగింది. 2014లో సోచిలో మొదటిసారి చేర్చినప్పుడు స్వర్ణమూ తనే తీసుకుంది. క్యాన్సర్‌తో కాలు పోయింది. అది మళ్లీ మళ్లీ తిరిగొచ్చింది, తొమ్మిదిసార్లు. ఈ ఆటలకి రెండు నెలల ముందు కూడా ఆపరేషన్ టేబుల్ మీద ఉంది. వయసు 45. గీత దాటగానే కిందపడి నవ్వుతోంది. ఈ డైరీని తర్వాత మళ్లీ రాసేనాటికి ఆవిడ లేరు. 2021 మార్చిలో పోయారు.

ఇవాళే అల్పెన్సియాలో కెనడా ఆటగాడు బ్రయన్ మెకీవర్ 20 కిలోమీటర్ల క్రాస్‌కంట్రీ గెలిచాడు. 19 ఏళ్ల వయసులో చూపు మధ్యభాగం పోయిన మనిషి. ఆ పోటీకి అతనికి ఇద్దరు గైడ్లు. సగం దూరం ఒకరు, మిగతా సగం ఇంకొకరు. అతని వేగం అంతసేపు తట్టుకోవడం ఒక గైడ్‌కి కష్టం. కళ్లున్నవాళ్లు అలిసిపోయి మారతారు, అతను మాత్రం మారడు. నేను చూడలేకపోయినందుకు ఇప్పటికీ బాధే.

మార్చి 13

జోంగ్‌సన్‌లోనే ఉండిపోయాం. ఆల్పైన్ స్కీయింగ్, సూపర్ కంబైన్డ్. పొద్దున వేగంగా దిగే సూపర్ జీ, తర్వాత మెలికల స్లాలమ్, రెండూ కలిపి లెక్క. ఎండ బాగా కాసి మంచు మెత్తబడింది. స్కీలు దిగబడుతున్నాయని అందరి మొహాల్లో టెన్షన్.

చూపు లేని మహిళల విభాగంలో స్లొవేకియా అమ్మాయి హెన్రియెటా ఫర్కషోవా, ఆమె గైడ్ నతాలియా షుబర్తోవా. ముందు షుబర్తోవా దిగుతుంది, వెనక ఫర్కషోవా. హెల్మెట్లలో బ్లూటూత్. మలుపు ఎప్పుడు, గుంత ఎక్కడ, ఎంత వంగాలి, అన్నీ మాటల్లోనే. గైడ్ మరీ ముందుకు పోతే గొంతు ఒక్కటే మిగులుతుంది, మరీ వెనకబడితే వేగం చచ్చిపోతుంది. కాబట్టి ఎదురుగా కొండ చూస్తూ, వెనక మనిషి ఎంత దూరంలో ఉందో వినికిడితో పసిగడుతూ దిగాలి. నాకైతే ఇద్దరిలో కష్టమైన పని షుబర్తోవాదే అనిపించింది. తమ్ముడు ఒప్పుకోలేదు. "కళ్లు మూసుకుని మెట్లు దిగి చూడక్కా, అప్పుడు చెప్పు" అన్నాడు. వాళ్లిద్దరికీ స్వర్ణం. ఇక్కడ గైడ్‌కి కూడా మెడలో పతకం వేస్తారు. రజతం బ్రిటన్ జోడీ మెనా ఫిట్జ్‌పాట్రిక్, జెన్ కెహోలది. ఫర్కషోవా ఈ ఆటల్లో మొత్తం నాలుగు స్వర్ణాలు, ఒక రజతం తీసుకెళ్లింది. స్లొవేకియా గెలిచిన ఆరు స్వర్ణాల్లో నాలుగు ఈ జోడీవే.

నిలబడి చేసే మహిళల్లో కెనడా అమ్మాయి మోలీ జెప్సెన్ గెలిచింది. ఫ్రాన్స్ ధీర మరీ బోషే ఈ ఒక్క పోటీ పోగొట్టుకుంది. మిగతా నాలుగూ ఆమెవే!

సాయంత్రం వార్త: అల్పెన్సియాలో ఒక్సానా మాస్టర్స్ పడిపోయి బయథ్లాన్ మధ్యలో ఆగిపోయిందట. అసలే మోచేతికి దెబ్బ తగిలి ఉంది.

మార్చి 14

అందుకే ఇవాళ అల్పెన్సియా. స్ప్రింట్. ఇక్కడ లెక్క తిరగేసి పెట్టారు. శాతాల తేడాని చివర్లో తీసెయ్యకుండా మొదట్లోనే ఇచ్చేస్తారు. ఎక్కువ కష్టమున్న తరగతివాళ్లు ముందు బయల్దేరతారు, తక్కువ ఉన్నవాళ్లు కొన్ని సెకన్లు ఆగి. ఆ తర్వాత గీత ముందు ఎవరు దాటితే వాళ్లదే స్వర్ణం. నా ఫిర్యాదుకి జవాబు మూడు రోజుల తర్వాత దొరికింది. అన్ని పోటీలూ ఇలా పెడితే ఏం పోతుందని తమ్ముణ్ణి అడిగాను. "15 కిలోమీటర్లకి ఇలా పెడితే మొదటివాడు వెళ్లాక నువ్వు టీ తాగొచ్చు" అన్నాడు.

ఒక్సానా వచ్చింది. చేతికి కట్టు. కూర్చుని చేసే స్ప్రింట్ 1.1 కిలోమీటర్లు. మొత్తం భారం చేతుల మీదే కాబట్టి మోచెయ్యి దెబ్బ అంటే కాలు విరిగినట్టే. చివరి మలుపు తర్వాత ఎవరికీ అందలేదు. పారాలింపిక్స్‌లో ఆమె మొదటి స్వర్ణం ఇదే. 2012 లండన్‌లో పడవ పోటీలో కాంస్యం, 2014 సోచిలో స్కీయింగ్‌లో రజతం, కాంస్యం వచ్చాయి, స్వర్ణం మాత్రం రాలేదు. ఆమె పుట్టింది 1989లో యుక్రెయిన్‌లో. చెర్నోబిల్ అణుధార్మికత వల్లే కావచ్చు, కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టింది. అనాథాశ్రమం నుంచి ఏడేళ్ల వయసులో ఒక అమెరికా మహిళ పెంచుకుంది. రెండు కాళ్లూ తర్వాత తీసెయ్యాల్సి వచ్చింది. ఈ వివరాలన్నీ తెలిసి చూసినా, తెలియక చూసినా ఆ చివరి వంద మీటర్లు ఒకటే. ఇలాంటి కథలు ముందు చెప్పి తర్వాత ఆట చూపించే టీవీవాళ్ల అలవాటు నాకు నచ్చదు. నేనూ అదే చేస్తున్నాను గానీ, కనీసం ఆట ముందు చెప్పాను.

మెకీవర్‌ని కూడా చూశాను. అతనికీ స్వర్ణమే.

మార్చి 15

గాంగ్నుంగ్‌కి మారాం. ఇది సముద్రం ఒడ్డు ఊరు, మంచు తక్కువ. ఐస్ హాకీ సెమీ ఫైనల్స్. కెనడా 7, కొరియా 0. అమెరికా 10, ఇటలీ 1. రాయడానికింకేం లేదు. ఆట గురించి మాత్రం ఒక మాట. స్కేటు బ్లేళ్లు బిగించిన చిన్న బండి మీద కూర్చుని, రెండు చేతుల్లో రెండు పొట్టి కర్రలు పట్టుకుంటారు. కర్రకి ఒకవైపు కొట్టే భాగం, ఇంకోవైపు మంచులో దిగే ఇనప పళ్లు. తోసుకునేదీ వాటితోనే, గోల్ కొట్టేదీ వాటితోనే. ఢీకొన్నప్పుడు వచ్చే చప్పుడుకి ముందు వరసలో ఉన్న నేను ఉలిక్కిపడుతూనే ఉన్నాను.

రాత్రి చోదాంగ్ టోఫు తిన్నాం. ఆ హోటల్ ముందు మూడు మెట్లు. వీల్‌చైర్‌లో వచ్చిన ఒక విదేశీయుణ్ణి ఇద్దరు కుర్రాళ్లు ఎత్తి లోపల పెట్టారు. ఆయన నవ్వుతూ థాంక్స్ చెప్పాడు. స్టేడియాలన్నీ నున్నటి వాలు దారులతో కట్టినవాళ్లకి ఊళ్లో మూడు మెట్లు కనపడలేదు.

మార్చి 16

వీల్‌చైర్ కర్లింగ్ సెమీ ఫైనల్, కొరియా - నార్వే. కర్లింగ్ అంటే అందరికీ గుర్తొచ్చేది రాయి ముందు చీపుళ్లతో ఊడ్చే దృశ్యం. ఇందులో ఊడ్చడం లేదు. వదిలాక రాయి నీ మాట వినదు. సుమారు 19 కిలోల గ్రానైట్ రాయిని పొడవాటి కర్రతో తోస్తారు. తోసేటప్పుడు చక్రాల కుర్చీ వెనక్కి జారకుండా జట్టులో ఇంకొకరు వెనక నుంచి పట్టుకుంటారు. వాళ్లని చూడగానే నా ఐదో గడి గుర్తొచ్చింది. ప్రతి జట్టులో ఆడా మగా ఇద్దరూ ఉండాలి.

కొరియా జట్టులో ఐదుగురివీ ఐదు వేర్వేరు ఇంటిపేర్లు. ఒలింపిక్స్‌లో అందరూ కిమ్‌లే ఉన్న జట్టు పేరుపడింది కదా, దానికి పోటీగా వీళ్లని 'ఓవెంజర్స్' అంటున్నారు. ఓ అంటే ఐదు. లీగ్ దశలో 11 ఆటల్లో 9 గెలిచి అందరికన్నా పైన ఉన్నారు. ఇవాళ అదనపు ఎండ్‌లో (ఎండ్ అంటే ఒక రౌండు) 8-6తో నార్వే చేతిలో ఓడిపోయారు. ఆఖరి రాయి పోయాక హాల్లో గాలి తీసేసినట్టయింది.

జోంగ్‌సన్ నుంచి ఒక మంచి వార్త. బ్యాంక్డ్ స్లాలమ్ అనే ఇంకో స్నోబోర్డ్ పోటీలో నోవా ఇలియట్‌కి స్వర్ణం, షుల్ట్స్‌కి రజతం. తను చేసిన మోకాలే తనని ఓడించింది! బిబియన్ మెంటెల్‌కి రెండో స్వర్ణం. అల్పెన్సియాలో కెనడా ఆటగాడు మార్క్ అరెండ్స్ 15 కిలోమీటర్ల బయథ్లాన్ గెలిచాడు. ఈ ఆటల్లో అతనికి మొత్తం ఆరు పతకాలు.

మార్చి 17

పొద్దున్నే మళ్లీ అల్పెన్సియాకి. ఇంత కిక్కిరిసిన రోజు ఇంకోటి లేదు.

నిలబడి చేసే 10 కిలోమీటర్ల క్లాసికల్ క్రాస్‌కంట్రీలో జపాన్ ఆటగాడు నిట్టా యోషిహిరో బయల్దేరిన కాసేపటికే పడిపోయాడు. మూడేళ్ల వయసులో పొలంలో యంత్రంలో పడి ఎడమ ముంజేయి పోయిన మనిషి. ఒక్క కర్రతో స్కీ చేస్తాడు. లేచాడు, ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాడు, స్వర్ణం గెలిచాడు. మెకీవర్ మూడో స్వర్ణం. 2002 నుంచి లెక్కపెడితే అతనికి 13వది. ఒక్సానా 5 కిలోమీటర్లు గెలిచింది, రెండో స్వర్ణం.

సిన్ ఉయ్‌హ్యోన్‌ది 7.5 కిలోమీటర్ల క్రాస్‌కంట్రీ. మొదటి రోజు నుంచీ ఈయన ప్రతి పోటీలోనూ దిగుతూనే ఉన్నాడు. భుజాలు ఏ మాత్రం మిగిలి ఉంటాయా అని నా అనుమానం. మేం ఆఖరి ఎక్కుడు దగ్గర నిలబడ్డాం. ముందు దూరంగా మైకులో ఒక అరుపు, తర్వాత చెట్ల మధ్య నుంచి ఎర్రగా ఏదో కదిలింది, తర్వాత ఆయన. తల ఎత్తట్లేదు. మా పక్కన స్కూలు పిల్లల గుంపు "దేహన్‌మిన్‌గుక్!" అని తమ దేశం పేరుతో గొంతులు చించుకుంటోంది. మా తమ్ముడు కొరియాలో ఉంటూ కూడా ఎప్పుడూ అంత ఊగిపోడు, ఇవాళ కంచె మీద ఎక్కేశాడు. కాపలా ఆయన వచ్చి దింపలేదు, ఆయనా బోర్డు వైపే చూస్తున్నాడు.

బోర్డు మీద పేరు పైన నిలిచింది. కానీ వెనక క్నాసెన్ ఇంకా రావాలి. ఆ కాసేపూ ఎవరికీ ఊపిరాడలేదు. 5 సెకన్ల పైచిలుకు తేడా. క్నాసెన్‌కి రజతం. శీతాకాలపు పారాలింపిక్స్‌లో కొరియాకి మొట్టమొదటి స్వర్ణం. 2002లో సాల్ట్‌లేక్‌లో ఆల్పైన్ రజతం, 2010లో వాంకూవర్‌లో కర్లింగ్ రజతం, అంతకు మించి ఎప్పుడూ పోలేదు. సిన్ జెండా పట్టుకుని ఏడ్చాడు. స్కూలు పిల్లలు నాతో సహా దొరికినవాళ్లందరికీ చేతులు కలిపారు.

గాంగ్నుంగ్ వెళ్లే బస్సులో ఫోన్ మీద హాకీ. కాంస్యం కోసం కొరియా, ఇటలీ. చివరి దాకా గోల్ లేదు. ఆఖర్లో జాంగ్ డోంగ్‌షిన్ కొట్టాడు, 1-0. బస్సంతా ఒకటే కేక, డ్రైవర్‌తో సహా. ఆట అయ్యాక జట్టంతా మంచు మధ్యలో పెద్ద జెండా పరిచి, సంగీతం లేకుండా వాళ్లే జాతీయగీతం పాడారు. అధ్యక్షుడు మూన్ జేఇన్ కూడా అక్కడే ఉన్నారు. కర్లింగ్‌లో మాత్రం కొరియా కాంస్యం కూడా పోగొట్టుకుంది, కెనడా 5-3. ఒకే రోజు మూడు రకాల మొహాలు.

కర్లింగ్ ఫైనల్‌కి హాల్లోకి చేరాం. చైనా, నార్వే. ఎనిమిది ఎండ్లు అయ్యేసరికి సమానం. అదనపు ఎండ్‌లో చైనా 6-5తో గెలిచింది. శీతాకాలపు పారాలింపిక్స్‌లో చైనాకి అసలు అంతకుముందు ఏ పతకమూ లేదు. మొదటి పతకమే స్వర్ణం. తర్వాతి ఆటలు బీజింగ్‌లోనే.

మార్చి 18

పొద్దున జోంగ్‌సన్‌లో మెనా ఫిట్జ్‌పాట్రిక్, జెన్ కెహో స్లాలమ్ గెలిచారని వార్త. బ్రిటన్‌కి ఈ ఆటల్లో ఒకే ఒక్క స్వర్ణం.

ఐస్ హాకీ ఫైనల్, అమెరికా - కెనడా. మొదటి భాగంలోనే కెనడా ఆటగాడు బిల్లీ బ్రిడ్జెస్ గోల్ కొట్టాడు. ఆ తర్వాత గంటన్నర పాటు అమెరికా తల గోడకి కొట్టుకుంది. ఆఖరి నిమిషం వచ్చేసరికి అమెరికా గోల్‌కీపర్‌ని తీసేసి ఇంకో ఆటగాణ్ణి దింపింది. గోల్ ఖాళీ. కెనడాకి చెందిన రాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఖాళీ గోల్ మీదికి కొట్టాడు. పక్ అనే ఆ రబ్బరు బిళ్ల స్తంభానికి తగిలి బయటికి పోయింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేలోపు ఆట అటువైపు వెళ్లింది. 37.8 సెకన్లు మిగిలి ఉండగా డెక్లన్ ఫార్మర్ సమం చేశాడు. అదనపు సమయంలో మళ్లీ అతనే. అమెరికా 2-1. వరసగా మూడో స్వర్ణం. ఫార్మర్‌కి అప్పుడు ఇరవయ్యేళ్లు. ఆర్మ్‌స్ట్రాంగ్ మంచు మీద చాలాసేపు కదల్లేదు. వెళ్లి వీపు తట్టినవాళ్లలో అమెరికా ఆటగాళ్లూ ఉన్నారు.

ముగింపు ఉత్సవానికి ముందు కాఫీ తాగుతూ లెక్క కట్టాం. అమెరికా 13 స్వర్ణాలు, 15 రజతాలు, 8 కాంస్యాలు, మొత్తం 36. దాని తర్వాతే మా గొడవ. తటస్థ జట్టు 8 స్వర్ణాలు, 10 రజతాలు, 6 కాంస్యాలతో 24. కెనడా 8, 4, 16తో 28. పట్టికలో స్వర్ణాలు సమానమైతే రజతాలు చూస్తారు కాబట్టి కెనడా మూడోది. ఫ్రాన్స్ 7-8-5, జర్మనీ 7-8-4, యుక్రెయిన్ 7-7-8. కొరియా ఒక స్వర్ణం, రెండు కాంస్యాలతో పదహారో స్థానం.

"28 పతకాలు తెచ్చినవాళ్లు 24 తెచ్చినవాళ్ల కింద ఎలా ఉంటారురా?" అన్నాను.

"స్వర్ణం స్వర్ణమే అక్కా."

"అయితే మెకీవర్ గైడ్లవి కూడా కలుపు. ఫర్కషోవా ముందు దిగిన అమ్మాయివి కలుపు. మెడలో వేసింది పతకమే కదా?"

"అలా కలిపితే స్లొవేకియాకి పన్నెండు స్వర్ణాలైనా అవుతాయి."

"అవనీ."

వాడు నా నోట్‌బుక్ లాక్కుని ఐదో గడి మొత్తం చదివాడు. "షుల్ట్స్ మోకాలికి రెండు స్వర్ణాలు, ఒక రజతం, ఒక కాంస్యం వేశావు. అది కొన్ని దేశాల కన్నా పైనుంది" అన్నాడు. తర్వాత కలం తీసుకుని, 17వ తేదీ పేజీలో సిన్ ఉయ్‌హ్యోన్ పేరు పక్కన ఆ గడిలో కొరియన్‌లో ఏదో రాశాడు. ఏంట్రా అంటే, "కంచె" అన్నాడు.